పగలని గుడ్డు చెప్పే పాఠం

పాఠశాల మేడ మీద, మూడో అంతస్తు పిట్టగోడ దగ్గర ఒక ఉపాధ్యాయుడు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో దారాలతో, రబ్బరు బ్యాండ్లతో, పాత వార్తాపత్రికలతో చుట్టబెట్టిన వింత పొట్లం ఒకటి ఉన్నది. కింద ఆవరణలో సున్నంతో గీత గీశారు. ఆ గీతకు ఇవతల ఎనిమిదో తరగతి పిల్లలు గుంపుగా నిలబడి మెడలెత్తి చూస్తున్నారు. పొట్లంలో ఉన్నది ఏ వజ్రమో వైడూర్యమో కాదు. అంగడిలో కొన్న మామూలు కోడిగుడ్డు. ఉపాధ్యాయుడు చేతులు వదులుతాడు. ఒకటిన్నర సెకను గడవకముందే ధబ్బుమని చప్పుడవుతుంది. పిల్లలు గీత దాటి పరుగెత్తుతారు. పొట్లం విప్పేవరకు ఎవరికీ ఊపిరి ఆడదు.

అనేక దేశాల పాఠశాలలలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు ఏటా జరిపించే ప్రయోగం ఇది. దీనికి ప్రయోగశాల అక్కర లేదు. ఖరీదైన పరికరాలు అక్కర లేదు. ఒక గుడ్డు, ఒక మేడ, ఇంట్లో పారవేయబోయే నాలుగు వస్తువులు ఉంటే చాలు. నియమం కూడా ఒక్కటే: గుడ్డు పగలకుండా నేలకు చేరాలి. ఇంత సులభంగా కనిపించే ఈ ఆటలో న్యూటన్ 1687లో ప్రకటించిన చలన సూత్రాలు మొదలుకొని చంద్రుని మీద దిగిన వాహనం కాళ్ళ వరకు ఎన్నో విషయాలు ఇమిడి ఉన్నాయి. అంతకంటె ముఖ్యంగా, ప్రతి ఇంటికీ సంబంధించిన ఒక ప్రాణావసరమైన విషయం కూడా దాగి ఉన్నది.

గట్టిపెట్టె చేసే మోసం

గుడ్డును కాపాడమని చెప్పగానే పిల్లలలో కొందరికి తట్టే మొదటి ఆలోచన గట్టి పెట్టె. ఇంట్లోని స్టీలు డబ్బా తెచ్చి, అందులో గుడ్డు పెట్టి, మూత బిగిస్తారు. మేడ మీదనుంచి పడిన డబ్బాకు చిన్న సొట్ట తప్ప మరేమీ కాదు. మూత తీస్తే లోపల పచ్చసొన, తెల్లసొన, పెంకు ముక్కలు ఏకమై కనిపిస్తాయి. డబ్బా క్షేమం, గుడ్డు నాశనం. ఆ పిల్లవాడి ముఖంలో కనిపించే ఆశ్చర్యమే ఆ రోజు పాఠానికి నాంది.

ఎందుకు ఇలా జరిగింది? పది మీటర్ల ఎత్తునుంచి జారిన వస్తువు నేలను తాకేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు సుమారు 50 కిలోమీటర్లు. పట్టణపు వీథిలో స్కూటరు పోయే వేగం. డబ్బా నేలకు తగిలి రెప్పపాటుకంటె తక్కువ కాలంలో ఆగిపోయింది. కాని లోపల ఉన్న గుడ్డుకు ఆ సంగతి తెలియదు. చలనంలో ఉన్న వస్తువు, మరొక బలం అడ్డుపడేవరకు అదే వేగంతో పోతూనే ఉంటుంది. కనుక గుడ్డు ఆ 50 కిలోమీటర్ల వేగంతోనే వెళ్ళి డబ్బా అడుగుకు కొట్టుకున్నది. డబ్బా ఎంత గట్టిదైతే గుడ్డుకు అంత గట్టి నేల దొరికినట్లే.

వస్తువును చంపేది పడటం కాదు, ఆగటం. ఇంకా సరిగా చెప్పాలంటే, హఠాత్తుగా ఆగటం. ఈ ఒక్క వాక్యం పిల్లలకు నిజంగా బోధపడితే ప్రయోగంలో సగం పూర్తయినట్లే.

ఆగడానికి కావలసిన చోటు

క్రికెట్ ఆట చూసినవారికి ఒక దృశ్యం పరిచితమే. వేగంగా వస్తున్న బంతిని పట్టుకొనే ఆటగాడు చేతులు బిగపట్టి ఉంచడు. బంతి అరచేతిలో పడిన క్షణంలోనే చేతులను తన వైపు వెనక్కు లాగుతాడు. పొడవు దూకే పోటీలలో ఇసుక గుంట ఎందుకు తవ్వుతారు? గోడ దూకే కుర్రవాడు నేల తాకగానే మోకాళ్ళు ఎందుకు వంచుతాడు? కుండలు అమ్ముకొనేవాడు బండిలో వరిగడ్డి ఎందుకు పరుస్తాడు? మామిడిపళ్ళను గడ్డిలో, గాజు సామానును ఊకలో ఉంచి పెట్టెలకు ఎత్తడం తాతల కాలంనుంచీ ఉన్నదే. వీరెవరూ భౌతికశాస్త్రం చదివి ఆ పని చేయలేదు. కాని అందరూ చేసింది ఒకటే: ఆగే వస్తువుకు ఆగడానికి మరికొంత చోటు, మరికొంత వ్యవధి కల్పించారు.

ఈ సంగతిని చిన్న లెక్కతో తేల్చవచ్చు. వస్తువు ఎంత ఎత్తునుంచి పడిందో ఆ ఎత్తును, అది ఎంత దూరంలో ఆగిందో ఆ దూరంతో భాగించాలి. వచ్చిన సంఖ్యకు అన్ని రెట్ల తన బరువును ఆ వస్తువు ఆగే సమయంలో సగటున మోయవలసి వస్తుంది. గుడ్డు బరువు 55 గ్రాములు, పడిన ఎత్తు పది మీటర్లు అనుకుందాం. సిమెంటు నేల మీద ఒక్క మిల్లీమీటరులో ఆగితే పదివేల రెట్లు. అంటే 550 కిలోల బరువు మీద పడినట్లు. ఒక సెంటీమీటరు మందం గుడ్డ పరిచి ఉంటే వెయ్యి రెట్లు. అంటే 55 కిలోలు, ఒక మనిషి గుడ్డు మీద ఎక్కి నిలబడినట్లు. నలిగి దిగిపోయే మెత్తని పదార్థం పది సెంటీమీటర్లు దొరికితే వంద రెట్లు మాత్రమే. అంటే ఐదున్నర కిలోలు. పడిన ఎత్తు మారలేదు, వేగం మారలేదు, గుడ్డు మారలేదు. మారింది ఆగిన దూరం ఒక్కటే.

ఐదున్నర కిలోలు కూడా ఒకే బిందువు మీద పడితే గుడ్డు పెంకు తట్టుకోవడం కష్టం. పెంకు మందం మిల్లీమీటరులో మూడోవంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అయితే ఆ భారం పెంకు అంతటా సమంగా పరచుకుంటే ఆశ్చర్యకరమైన బలం చూపుతుంది. గుడ్డును రెండు అరచేతుల మధ్య పెట్టి అన్ని వైపులా సమంగా నొక్కితే పగలగొట్టడం సులభం కాదు. అదే గుడ్డు గరిటె అంచుకు తగిలిస్తే ఇట్టే చిట్లిపోతుంది. కాబట్టి కాపాడేవాడు రెండు పనులు చేయాలి: ఆగే దూరాన్ని పెంచాలి, తాకే వైశాల్యాన్ని పెంచాలి. మిగిలిన ఉపాయాలన్నీ ఈ రెండింటి నుంచి పుట్టినవే.

పిల్లల చేతిలో ఐదు మార్గాలు

ఇన్నేళ్ళుగా లక్షలాది పిల్లలు కట్టిన పొట్లాలను గమనిస్తే, వాటిలో ఐదు రకాల ఉపాయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది పరుపు. దూది, స్పాంజి, పేలాలు, చిరిగిన గుడ్డలు, నలిపిన కాగితాలు గుడ్డు చుట్టూ దట్టించడం. ఇక్కడ చేసే పొరపాటు ఒక్కటే: మరీ బిగించి కూరడం. బిగిసిన దూది నలగడానికి చోటు లేక రాయితో సమానమవుతుంది. మరీ వదులైతే గుడ్డు అడుగుదాకా జారి నేలను నేరుగా తాకుతుంది. ఈ రెంటికీ మధ్య సరియైన మెత్తదనం కనుక్కోవడమే నేర్పు.

రెండవది ఉట్టి. పెట్టె మధ్యలో రబ్బరు బ్యాండ్లతోనో, పాత మేజోడుతోనో గుడ్డును వేలాడదీస్తారు. పెట్టె ఆగినా గుడ్డు ఉయ్యాల ఊగి నెమ్మదిగా ఆగుతుంది. ప్రకృతి గుడ్డులోపల చేసిన ఏర్పాటు కూడా ఇటువంటిదే. పచ్చసొనకు ఇరువైపులా తెల్లని మెలితిరిగిన తాళ్ళవంటివి ఉంటాయి; అవి పచ్చసొనను నడిమధ్యన నిలిపి ఉంచుతాయి. గుడ్డు పగలగొట్టిన ప్రతి గృహిణీ వాటిని చూసే ఉంటుంది.

మూడవది గొడుగు, అనగా పారాచూట్. మిగతా ఉపాయాలు నేలకు తగిలిన తరువాత పని చేస్తే, ఇది తగలకముందే వేగాన్ని తగ్గిస్తుంది. పాలిథీన్ సంచి నాలుగు మూలలకు దారాలు కడితే పని జరుగుతుంది. కాని తక్కువ ఎత్తులో గొడుగు విచ్చుకొనే లోపలే నేల వచ్చేస్తుంది. గాలి వీస్తే పొట్లం పక్క వీథిలో పడుతుంది.

నాలుగవది బలి. శీతల పానీయాలు తాగే గొట్టాలతోనో, చీపురు పుల్లలతోనో గుడ్డు చుట్టూ ఒక పంజరం అల్లుతారు. నేలకు తగలగానే పంజరం వంగి, విరిగి, నుగ్గునుగ్గు అవుతుంది. ఆ విరగడంలోనే పడిన శక్తి ఖర్చయిపోతుంది. పైనుంచి చూసినవారికి పొట్లం నాశనమైనట్లు కనిపిస్తుంది. లోపల గుడ్డు నవ్వుతూ ఉంటుంది. తన రూపం చెడగొట్టుకొని ఇతరులను కాపాడే వస్తువు విఫలమైనట్లు కాదు. అది తన పనిని పూర్తి చేసింది.

ఐదవది నీరు. డబ్బా నిండా ఉప్పునీరు పోసి గుడ్డును అందులో తేలవిడిచి, గాలి బుడగ లేకుండా మూత బిగిస్తారు. నీరు అన్ని వైపులనుంచీ గుడ్డును సమంగా ఒత్తుతుంది గనుక ఒక్కచోట దెబ్బ పడదు. మనిషి మెదడును ప్రకృతి కాపాడే పద్ధతులలో ఇది ఒకటి. సుమారు 1,400 గ్రాముల బరువైన మెదడు తన చుట్టూ ఉన్న ద్రవంలో తేలుతూ, 50 గ్రాముల బరువుంటే ఎంతో అంతగా మాత్రమే పుర్రె అడుగు మీద ఆనుతుంది.

ఈ ఐదింటిలో ఏదీ కొత్తది కాదు. చెట్టుమీది పండ్లు వీటిలో కొన్నింటిని మనిషికంటె ముందే కనుగొన్నాయి. కొబ్బరికాయ ఎంతో ఎత్తునుంచి నేలమీద పడినా లోపలి టెంక పగలదు. చుట్టూ ఉన్న పీచు ఆ దెబ్బను మింగుతుంది. పంపరపనస పండు పై తొక్క కింద బెండులాంటి తెల్లని పొర ఒకటి మందంగా ఉంటుంది. పది మీటర్ల ఎత్తునుంచి పడినా పండు చెడకుండా కాపాడేది ఆ పొరే. జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు ఆ పొర నిర్మాణాన్ని పరీక్షించి, దెబ్బను తట్టుకొనే కొత్త పదార్థాల తయారీకి దానినుంచి పాఠాలు తీసుకున్నారు.

వంటింటి గుడ్డు నుంచి మోటారు కారుకు

గుడ్డు ఆటను మనిషి ప్రాణానికి ముడిపెట్టిన వ్యక్తి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు హ్యూ డి హేవెన్. అమెరికా దేశస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, విమాన చోదకుడుగా శిక్షణ పొందుతున్నప్పుడు ఆయన విమానం మరొక విమానాన్ని ఢీకొని కూలిపోయింది. డి హేవెన్ బ్రతికి బయటపడ్డారు గాని పొట్టలోపల తీవ్రమైన గాయాలు తగిలాయి. ఆస్పత్రి మంచం మీద ఆయన ఆలోచించిన విషయం విచిత్రమైనది. తనకు తగిలిన గాయాలకు కారణం నేల కాదు, తన నడుముకు కట్టుకున్న పట్టీ బకిల్ ఉన్న తీరు అని ఆయనకు తోచింది. అయితే ఆ బకిల్ ఆకారం మార్చవచ్చు గదా!

ఆ రోజులలో విమానం కూలితే చావు విధి వ్రాత అని అందరూ అనుకొనేవారు. ప్రమాదం జరగకుండా చూడాలన్న యోచన ఉండేది గాని, జరిగిన ప్రమాదంలో మనిషిని బ్రతికించవచ్చునన్న యోచన ఎవరికీ లేదు. డి హేవెన్ చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ ఆ ప్రశ్న వైపు తిరిగారు. తన వంటింట్లోనే గుడ్లను ఎత్తునుంచి రబ్బరు పరుపు మీద జారవిడిచి చూశారు. ఆపై పత్రికలలో వచ్చే వార్తలను వెదకి, 50 నుంచి 150 అడుగుల ఎత్తునుంచి పడి కూడా బ్రతికినవారి వివరాలు సేకరించారు. మెత్తని తోటమట్టి మీద పడినవారు, సొట్టపడే లోహపు రేకు మీద పడినవారు బ్రతికి బయటపడ్డారు. వారిని కాపాడింది అదృష్టం మాత్రమే కాదు. కింద ఉన్నది కొద్ది అంగుళాలు లోపలికి దిగి వారికి ఆగే చోటు ఇచ్చింది. 1942లో ఆయన ఈ విషయాలను ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. అదే సంవత్సరంలో కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ప్రమాద గాయాల పరిశోధన ప్రారంభమైనది.

పదేళ్ళ తరువాత, 1952లో, మోటారు ఇంజనీర్ల ముందు ఆయన ఒక పోలిక ఉంచారు. పగిలే సామాను పంపేవారికి తెలిసిన సంగతులు కారు తయారుచేసేవారికి ఎందుకు తెలియవు? పెట్టె దారిలో తెరుచుకొని సామాను బయట పడకూడదు. పెట్టె గోడలు పెళుసుగా ఉండక, వంగి దెబ్బను మింగాలి. లోపలి వస్తువు అటూ ఇటూ దొర్లకుండా కదలక నిలవాలి. దానిని పట్టి ఉంచే కట్టు, ఆ వస్తువులోని బలమైన భాగాల మీదనే ఆనాలి. ఈ నాలుగు సూత్రాలను చదివితే ఎనిమిదో తరగతి పిల్లల పొట్లాలే కళ్ళ ముందు మెదులుతాయి.

ఆ సూత్రాలు ఒక్కొక్కటిగా కార్లలోకి వచ్చాయి. జర్మనీలో బేలా బారెనీ అనే ఇంజనీరు 1951లోనే, కారు ముందు వెనుక భాగాలు నలిగిపోయి, నడుమ మనుషులు కూర్చొనే గది మాత్రం గట్టిగా నిలిచే నిర్మాణానికి పేటెంటు కోరారు. 1959లో అటువంటి మెర్సిడెస్ కారు వెలువడినది. అదే 1959లో స్వీడన్‌లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ భుజం మీదుగా, నడుము మీదుగా పోయే మూడు బిందువుల బెల్టు రూపొందించారు. అది మెత్తని పొట్టను వదలి, ఛాతీ ఎముకల మీద, తుంటి ఎముకల మీద ఆనుతుంది. ఇతర కంపెనీలు కూడా వాడుకొనేందుకు ఆ సంస్థ అనుమతించినది.

మనిషి దేహం ఎంతవరకు తట్టుకోగలదో తెలుసుకోవడానికి జాన్ స్టాప్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు తన శరీరాన్నే ప్రయోగశాల చేసుకున్నాడు. 1954 డిసెంబరు 10న రాకెట్ బండి మీద గంటకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగం అందుకొని, 1.4 సెకనులలో ఆగాడు. ఆ క్షణంలో ఆయన మోసిన భారం తన బరువుకు 46 రెట్లు. కళ్ళలోకి నెత్తురు చేరి కొంతసేపు చూపు పోయినది; తరువాత కోలుకున్నాడు. పట్టీలు సరిగా బిగించి ఉంటే మనిషి దేహం అనుకున్నంత బలహీనం కాదని దీనివలన ఋజువైనది.

ఇతర గ్రహాలకు పంపిన యంత్రాలు కూడా ఈ గుడ్లకు దాయాదులే. 1997 జూలై 4న అంగారకుని మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక గాలి సంచుల మధ్య ఇమిడి, నేలమీద కనీసం 15 సార్లు బంతివలె ఎగిరి, ఆ తరువాత నిలిచినది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్–2 దిగువాహనం చంద్రుని నేలను అతివేగంగా తాకి విఫలమైనది. చంద్రయాన్–3 తయారీలో భారత శాస్త్రజ్ఞులు చేసిన మార్పులలో ఒకటి కాళ్ళను బలపరచడం. సెకనుకు రెండు మీటర్లకు బదులు మూడు మీటర్ల వేగంతో దిగినా తట్టుకొనేటట్లు వాటిని రూపొందించారు. 2023 ఆగస్టు 23న ఆ వాహనం సురక్షితంగా దిగినది. మొదటి పొట్లం పగిలితే ఏడవక, ఎక్కడ పగిలిందో చూసి రెండవ పొట్లం కట్టే పిల్లల పద్ధతి కూడా ఇదే.

నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

ఈ ప్రయోగంలో ఒక నమ్మకం చాలాకాలంగా చలామణిలో ఉన్నది. గుడ్డును నిలువుగా, మొన కిందికి వచ్చేటట్లు పెడితే గట్టిగా ఉంటుందని ఉపాధ్యాయులు చెబుతూ వచ్చారు. కమాను కట్టిన వంతెన బరువు మోస్తుంది గదా, గుడ్డు మొన కూడా కమాను వంటిదే అన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉన్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి 2025లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 180 గుడ్లను కొన్నింటిని నిలువుగా, కొన్నింటిని అడ్డంగా, కొద్ది మిల్లీమీటర్ల ఎత్తునుంచి గట్టి తలం మీద జారవిడిచారు. 8 మిల్లీమీటర్ల ఎత్తునుంచి పడిన నిలువు గుడ్లలో సగానికి పైగా చిట్లాయి. అడ్డంగా పడినవాటిలో చిట్లినవి పదోవంతుకు లోపే. తరువాత గుడ్లను నెమ్మదిగా నొక్కి చూస్తే, రెండు తీరులలోనూ పెంకు చిట్లడానికి దాదాపు ఒకే బలం అవసరమైనది. కాని అడ్డంగా ఉన్న గుడ్డు చిట్లేముందు మరికొంత వంగుతున్నది. ఆ కాస్త వంగడంలోనే అది ఎక్కువ శక్తిని మింగుతున్నది.

గట్టిగా ఉండటం వేరు, తట్టుకోవడం వేరు. కాళ్ళు బిగపట్టి దూకినవాడికంటె మోకాళ్ళు వంచి దూకినవాడు క్షేమంగా ఉంటాడు. గాలివానకు తాడిచెట్టు విరిగితే రెల్లుదుబ్బు వంగి మళ్ళీ లేస్తుంది. ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాటను కూడా ఒక పూట ప్రయోగంతో సరిచూసుకోవచ్చునని ఈ ఉదంతం నేర్పుతుంది. శాస్త్రానికి ఇంతకుమించిన నిర్వచనం పిల్లలకు అవసరం లేదు.

తలమీది పొట్లం

ఇక ఆ ప్రాణావసరమైన విషయం. గుడ్డు పెంకును, లోపలి సొనను చూసినప్పుడు జ్ఞాపకం రావలసినది మనిషి తల. పుర్రె ఒక పెంకు. మెదడు అందులోని మెత్తని పదార్థం. స్కూటరు మీద కూర్చున్న మనిషి తల రోడ్డుకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది. బండి నిలిచి ఉండగానే పక్కకు ఒరిగి పడినా, తల రోడ్డును తాకేసరికి గంటకు 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. పాత లెక్కనే మళ్ళీ వేయవచ్చు. ఉత్త తల తారురోడ్డు మీద ఐదు మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే 300 రెట్ల భారం. తలకు, రోడ్డుకు మధ్య మూడు సెంటీమీటర్ల నలిగే పొర ఉంటే 50 రెట్లు. మొదటిది ప్రాణాంతకం, రెండవది బ్రతికి ఇంటికి వచ్చే అవకాశం.

ఆ నలిగే పొరయే హెల్మెట్‌లోని థర్మోకోల్. చాలామంది హెల్మెట్ పై చిప్పను తట్టి చూసి, అది గట్టిగా ఉంటే చాలుననుకుంటారు. స్టీలు డబ్బా తెచ్చిన పిల్లవాడి పొరపాటు ఇదే. పై చిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది, మొనదేలిన రాయి గుచ్చుకోకుండా అడ్డుకుంటుంది. దెబ్బను మింగేది మాత్రం లోపలి థర్మోకోల్. అది లేని టోపీ కేవలం పోలీసు కంటికి గంతలు కట్టడానికి పనికి వస్తుంది గాని రోడ్డుకు ఆ గంతలు కట్టలేదు. పెద్ద దెబ్బ ఒకసారి తిన్న హెల్మెట్‌ను పైకి బాగున్నట్లు కనిపించినా మార్చివేయాలి. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్ళీ లేవదు. చీపురు పుల్లల పంజరంవలె అది తన పని ముగించుకున్నది. గడ్డం కింది పట్టీ బిగించకపోతే దెబ్బ తగలకముందే హెల్మెట్ ఎగిరిపోతుంది. పెట్టె తెరుచుకోకూడదన్న డి హేవెన్ మొదటి సూత్రం అక్కడ భంగపడుతుంది.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో హెల్మెట్ లేకుండా ప్రయాణించి మరణించినవారు 50,029 మంది. ఈ యాభైవేలలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అంటే, బండి నడిపేవాడి తలకే హెల్మెట్ కావాలని ఇంట్లో అందరూ అనుకున్న తరువాత మిగిలిన భార్యలు, తల్లులు, స్నేహితులు, పిల్లలు. చట్టం దృష్టిలో ఆ భేదం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను, 2019 సవరణ తరువాత, నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ ద్విచక్ర వాహనం మీద హెల్మెట్ ధరించాలని చెబుతున్నది. అయినా తండ్రి తలమీద హెల్మెట్, ముందు నిలబడిన బిడ్డ తలమీద ఎండకు కప్పిన గుడ్డ కనిపించని వీథి దేశంలో అరుదు.

ప్రయోగం చేయదలచినవారికి

ఈ ప్రయోగం ఇంట్లోనూ చేయవచ్చు. గుడ్డును ముందుగా చిన్న పాలిథీన్ సంచిలో కడితే పగిలినా నేల పాడు కాదు. మొదట ఒక మీటరు ఎత్తు, తరువాత రెండు, మూడు. ఇలా క్రమంగా పెంచాలి. మేడ మీదనుంచి వదిలే పని పెద్దలే చేయాలి; కింద ఎవరూ నిలబడకుండా చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. దూది పెంచి, పెట్టె మార్చి, గొడుగు కట్టి ఒకేసారి వదిలితే గుడ్డు ఎందుకు బ్రతికిందో ఎవరూ చెప్పలేరు. ప్రతిసారి ఎత్తు, పొట్లం బరువు, ఫలితం పుస్తకంలో వ్రాసుకోవాలి. గుడ్డు ముట్టని ఇళ్ళలో పిల్లలు అప్పడంతోనో, కాల్చని మట్టి ప్రమిదతోనో, బాగా పండిన టమాటాతోనో చేయవచ్చు. సూత్రం ఒకటే.

ఆఖరున ఉపాధ్యాయుడు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. పగలని గుళ్ళను, పగిలిన గుళ్ళను బల్లమీద వరుసగా పేర్చి, పక్కన ఒక పాత హెల్మెట్‌ను రెండుగా కోసి ఉంచాలి. దాని లోపలి థర్మోకోల్‌ను పిల్లలు వేలితో నొక్కి చూడాలి. ఆ సాయంత్రం పాఠశాల గేటు దగ్గర తండ్రి స్కూటరు ఆపి, వెనుక ఎక్కమని సైగ చేసినప్పుడు, ఎనిమిదో తరగతి పిల్ల ఎక్కకుండా నిలబడి, “నాన్నా, మరి నా తలకు?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకంలో ఉండదు; ఇంట్లోనే ఉండాలి.